అత్తగారి పెట్టె, సుడిగాలి బస్సు

ఏడో నంబరు బస్సు డ్రైవరుని అందరూ సుడిగాలి అంటారు. ఊరికే అనరు. స్టేషను దగ్గర బయలుదేరి మార్కెట్టు మీదుగా గుట్ట మీది పెద్దాసుపత్రి దాకా వెళ్ళే ఆ బస్సు వస్తోందంటే, దారి పక్క దుకాణాలవాళ్ళు ముందు బోర్డులు పట్టుకుంటారు, తరవాత టోపీలు పట్టుకుంటారు. ఒకసారి మార్కెట్టు మలుపులో అతను బ్రేకు వేస్తే వెనక సీట్లో పెద్దాయన పళ్ళసెట్టు ఎగిరి ముందు సీట్లో ఆవిడ చేతిసంచిలో పడిందనీ, తరవాతి బ్రేకుకి ఆ సంచి ఇంకో ఆవిడ ఒళ్ళోకి బదిలీ అయిందనీ, చివరికి ఆ పళ్ళు పెద్దాయన కంటే ముందే ఆసుపత్రి చేరాయనీ డిపోలో చెప్పుకుంటారు. నిజమేనా అని సుడిగాలిని అడిగితే, "ఛ, అబద్ధం. పళ్ళూ ఆయనా ఒకేసారి చేరారు," అంటాడు, అదేదో వినయమైనట్టు.

అతని లెక్కలో బస్సుకి ఉన్నవి రెండే భాగాలు. ఒకటి యాక్సిలరేటరు, రెండోది బ్రేకు. మిగతాదంతా వాటి చుట్టూ ముచ్చటకి బిగించిన రేకు. అతని కుడికాలు ఆ రెండింటి మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. అయినా జనం తిట్టుకుంటూనే ఆ బస్సు కోసం ఎదురుచూస్తారు. పొద్దుటి డ్యూటీ నర్సూ, ఆసుపత్రి ఎదుట కొట్టున్న దర్జీ అతన్ని చూడగానే నవ్వుతారు. గుట్ట మీది టీకొట్టాయన హారను వినపడగానే గ్లాసు కడగడం మొదలుపెడతాడు. స్టీరింగు ముందు కూర్చున్నంతసేపూ సుడిగాలి రాజు. ఇంటికెళ్ళాక మామూలు మనిషి. మాటవరసకి మామూలు అనడమే గానీ, నిజానికి ఇంకాస్త తక్కువే. ఎందుకంటే ఇంట్లో భార్య ఉంటుంది.

వాళ్ళుండేది రోడ్డు పక్కనే, సైకిళ్ళు బాగుచేసే షాపు పైన రెండు గదుల్లో. పొద్దున కిటికీ చెక్క తుడిస్తే మధ్యాహ్నానికి దాని మీద వేలితో బొమ్మ గీయొచ్చు, అంత మసి.

"ఇది నీ బస్సు మసే," అంటుంది ఆవిడ, గుడ్డ పిండుతూ.

"ఊళ్ళో ఇన్ని బళ్ళుండగా నాదేనని ఎలా చెప్తావే?"

"మిగతావాళ్ళ మసి గాలికి వచ్చి పడుతుంది. నీది తోసుకుని వచ్చి పడుతుంది."

ఇలాంటి మాటలు మొదలవగానే సుడిగాలి కంచం ముందుకి లాక్కుని ఇంకో ముద్ద కలుపుకుంటాడు.

అలా సాగిపోతున్న రోజుల్లో డిపోలోకి పెట్టె వచ్చింది.

మేనేజరు అందరినీ క్యాంటీనులోకి పిలిచాడు. ఆయన మెత్తటి మనిషి. గట్టి మాట చెప్పాల్సొస్తే ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. ఆ రోజు తుడిచిన తుడుపుకి అద్దాలు అరిగిపోతాయేమోనని అందరూ భయపడ్డారు.

"చూడండయ్యా, డీజిలు ఎంత కాలిస్తే ఊరి గాలిలోకి అంత కర్బనం పోతుంది. దాన్ని తగ్గించాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఇవాళ్టి నుంచి ప్రతి బస్సులో ఒక పెట్టె, దానికో చిన్న తెర. తెర మీద పచ్చటి చెట్టు కనపడుతుంది. ఉన్నపళంగా వేగం పెంచితే ఒక ఆకు రాలుతుంది. గట్టి బ్రేకు వేస్తే ఇంకోటి. బండి నిలబెట్టి ఇంజను ఆపకపోతే ఇంకోటి. సాఫీగా నడిపితే మళ్ళీ చిగురిస్తుంది."

"ఆకులన్నీ రాలితే ఊడవడానికి మనిషిని పెడతారా సార్?" అన్నాడు సుడిగాలి. అందరూ పగలబడి నవ్వారు.

మేనేజరు మళ్ళీ అద్దాలు తీశాడు. "నెలాఖరుకి చెట్టుకి సగం ఆకులన్నా లేనివాళ్ళు రూటు దిగిపోవాలి. యార్డులో బళ్ళు జరపాలి."

నవ్వులు ఆగిపోయాయి.

యార్డంటే డిపో వెనక ఖాళీ జాగా. అక్కడ పని, బస్సుని కడిగే చోటి నుంచి తనిఖీ చేసే చోటికీ, తనిఖీ చేసే చోటి నుంచి నిలబెట్టే చోటికీ జరపడం. స్టాపుల్లేవు, ప్రయాణికుల్లేరు, చెయ్యెత్తేవాళ్ళు అసలే లేరు. హారను కొడితే తలెత్తి చూసేది డిపో కుక్క ఒక్కటే, అదీ బుద్ధి పుడితేనే. సుడిగాలి క్యాంటీను కిటికీలోంచి ఆ జాగా వైపు ఒకసారి చూశాడు. ఏడో నంబరు లేకపోతే తనెవరు? సైకిలు షాపు పైన అద్దెకుండే ఒకానొక మనిషి.

పెట్టెకి గొంతు కూడా ఉంది, ఆడగొంతు. కేకలేయదు, తిట్టదు. "గట్టి బ్రేకు. ఒక ఆకు రాలింది," అని మాత్రం అంటుంది. అనే ముందు చిన్న విరామం ఇస్తుంది, నిట్టూర్చినట్టు. ఆ విరామమే మనిషిని చంపేస్తుంది. సాయంత్రానికల్లా డ్రైవర్లందరూ దానికి అత్తగారు అని పేరు పెట్టేశారు.

అత్తగారితో సుడిగాలి మొదటి ట్రిప్పు మార్కెట్టు దాకా కూడా పచ్చగా సాగలేదు. గుట్ట ఎక్కేసరికి చెట్టు మోడు. దిగేటప్పుడు రాల్చడానికి ఆకుల్లేక అత్తగారు ఊరికే నిట్టూర్చింది. రెండో వారానికి ఆవిడ ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేసేలోపే అతను ఇంకో బ్రేకు వేసేవాడు. "గట్టి బ్రే... గట్టి బ్రే..." అంటూ పాపం నత్తి వచ్చిన మనిషిలా అయిపోయిందావిడ.

క్యాంటీను గోడకి పెద్ద తెర కట్టి అందరి చెట్లూ అందులో చూపించడం మొదలుపెట్టారు. అక్కడ చూడాలి పిన్ని చెట్టు! పిన్ని మూడో నంబరు డ్రైవరు. డిపోలో పెద్దాచిన్నా అందరికీ పిన్నే. కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకుంటుంది, స్టీరింగుని పసిపిల్ల బుగ్గ పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఇన్నాళ్ళూ సుడిగాలి ఆవిణ్ణి ఏడిపించని రోజు లేదు. "పిన్నీ, నీ బస్సెక్కినవాడు దిగేటప్పటికి వాడి చొక్కా ఫ్యాషను మారిపోతుంది," అనేవాడు. ఇప్పుడు ఆవిడ చెట్టు ఆకులతో నిండిపోయి, పూలు పూసి, ఆపైన చోటు చాలక కొమ్మ మీద ఒక పిట్ట కూడా వాలింది. అన్ని ఆకులూ ఉన్నవాళ్ళకి కంప్యూటరు పిట్టనిస్తుందట.

"ఏం నాయనా, నీ మోడుకి కాసిని నీళ్ళు పోయమంటావా?" అంది పిన్ని, టీ ఊదుకుంటూ.

క్యాంటీనంతా ఘొల్లుమంది. సుడిగాలికి తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నమే బావమరిదిని వెతుక్కుంటూ కరెంటు షెడ్డుకి వెళ్ళాడు.

బావమరిది అంటే భార్య తమ్ముడు. డిపోలో బస్సుల వైర్ల పని చూస్తాడు. పెట్టెలన్నీ బిగించింది అతనే.

"ఒరేయ్, ఆ పెట్టెకి కుదుపు తెలీకుండా చెయ్యాలి. ఎలా?"

"బావా, నా ఉద్యోగం మీదకి తేకు."

"నీ అక్కని ఇన్నేళ్ళు భరించిన మనిషికి ఈ మాత్రం సాయం చెయ్యవా?"

ఈ మాటకి బావమరిది కాస్త మెత్తబడ్డాడు. అక్క సంగతి అతనికీ తెలుసు. "అసలు ఆ ఆకులన్నీ ఎక్కడ లెక్కపెడతారో తెలుసా? ఊరి అవతల ఒక షెడ్డు నిండా కంప్యూటర్లు. అవి వేడెక్కకుండా పగలూ రాత్రీ ఏసీ. మన చెట్టు పచ్చగా ఉందో లేదో చూడ్డానికి అక్కడ కరెంటు కాలుతూనే ఉంటుంది."

"అంటే అత్తగారికి ఏసీ గదీ, అల్లుడికి ఉక్కపోతా? ఇంకేం, పాపం తగలదు. పద."

ఆలోచన మాత్రం సుడిగాలిదే. ఉయ్యాల్లో పడుకున్న పసివాడికి ఇల్లు అదిరినా తెలీదు. కాబట్టి అత్తగారినీ ఉయ్యాల్లో పడుకోబెడితే సరి. స్టీరింగు కింద బిగించిన పెట్టె మరలు విప్పారు, వైరు కాస్త పొడుగు చేశారు, పాత దుప్పటి చింపి ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టారు. బావమరిది దాన్ని వేలితో ఊపి చూశాడు. "హాయిగా ఉంది," అన్నాడు, తనకేదో అనుభవమున్నట్టు.

మర్నాడు పొద్దున సుడిగాలి ఈల వేసుకుంటూ బయలుదేరాడు. చదునైన రోడ్డు మీద ఉయ్యాల మెల్లగా ఊగింది, అత్తగారు నోరెత్తలేదు. చెట్టు చిగురు కూడా వేసింది! సుడిగాలి సంతోషం పట్టలేక గుట్ట మీది మొదటి మలుపు తన సొంత పద్ధతిలో తిప్పాడు. ఉయ్యాల ఎగిరి, తిరిగి, దుప్పటి మెలిపడి, అత్తగారు తలకిందులైంది. ఆ స్థితిలో ఏ పెట్టె అయినా ఏమనుకుంటుంది? బస్సు తిరగబడిందనుకుంటుంది. అనుకుని ఊరుకోలేదు, చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పేసింది కూడా. తెర మీద చెట్టు మాత్రం చిగురుతో సహా అలాగే నిలిచిపోయింది. అది చూసుకుని మురుస్తూ సుడిగాలి గుట్టెక్కాడు.

ఆసుపత్రి స్టాపులో రెండు అంబులెన్సులు, ఒక ఫైరింజను, పోలీసు జీపులు, తిరగబడ్డ లారీల్ని లేపే ఒక పెద్ద క్రేను ఉన్నాయి. అన్నీ ఇంజన్లు ఆపకుండా గుర్రుగుర్రుమంటున్నాయి. పొగకి ఆసుపత్రి బోర్డు కనపడ్డంలేదు.

"ఏమైందండీ?" అనడిగాడు సుడిగాలి కిటికీలోంచి.

"బస్సు తిరగబడింది," అన్నాడు ఫైరింజను ఆఫీసరు, చేతిలో గొట్టంతో అటూఇటూ చూస్తూ. "ఎక్కడుందో దొరకట్లేదు."

"అయ్యో పాపం! ఏ బస్సు?"

"ఏడో నంబరు."

సుడిగాలి కిటికీలోంచి తల బయటికి పెట్టి తన బస్సు నెత్తిమీది నంబరు చూసుకున్నాడు. తరవాత చక్రాల వైపు చూశాడు. కిందే ఉన్నాయి. "ఇది... నిలబడే ఉందిగా సార్?" అన్నాడు, కాస్త అనుమానంగానే.

ఈలోగా ఇద్దరు మనుషులు స్ట్రెచరుతో లోపలికి ఎక్కి, డ్యూటీకి దిగబోతున్న నర్సుని బలవంతాన పడుకోబెట్టబోయారు. "వదలండయ్యా! ఈ స్ట్రెచరు మా వార్డుదే!" అని ఆవిడ అరిచిన అరుపు గుట్ట కిందికి కూడా వినపడిందంటారు.

మేనేజరు వచ్చాడు. ఉయ్యాల చూశాడు. ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోలేదు, అంటే పరిస్థితి అంత బాగాలేదన్నమాట.

"ఎవరు చేశారిది?"

"ఉయ్యాల నాదే, ఊపిందీ నేనే సార్," అన్నాడు సుడిగాలి. బావమరిది పేరు నోట రానివ్వలేదు. అతనిలో ఉన్న గొప్ప గుణాల్లో ఇదొకటి. మిగతావి ఇంకా వెతకాలి.

"డిపో మొత్తం ఇన్నాళ్ళూ కలిసి మిగిల్చిన పొగ," అన్నాడు మేనేజరు, క్రేను వైపు చూపిస్తూ, "ఒక్క పొద్దుటే ఊదేశావు కదయ్యా! ఇంక నాకేం చెప్పకు. నెలాఖరుకి సగం ఆకులు లేకపోతే యార్డే. పెట్టె మీద చెయ్యి పడిందో, యార్డు కూడా లేదు."

ఆ మాటతో సుడిగాలికి గాలి తీసేసినట్టయింది. నెలాఖరు ఎంతో దూరం లేదు. చెట్టు చూస్తే మోడు. ఇంటికెళ్తే భార్య జరిగిందంతా అప్పటికే వినేసి ఉంది.

"నీ బుర్రలో ఉన్నదంతా పెట్టెని ఏమార్చడమే. బస్సు మెల్లగా నడపొచ్చన్నది ఒక్కసారి కూడా తట్టలేదా?"

"మెల్లగా నడిపితే జనం ఏమనుకుంటారే?"

"చేరామనుకుంటారు."

సెలవురోజున సుడిగాలి సిగ్గు చంపుకుని మూడో నంబరు బస్సు దగ్గరికి వెళ్ళాడు. "పిన్నీ, నేర్పవూ," అన్నాడు. పిన్ని కళ్ళజోడు సర్దుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "నేర్పేదేముంది! టికెట్టు కొనుక్కుని వెనక సీట్లో కూర్చో. చొక్కా ఫ్యాషను మారకముందే దింపుతాలే."

మూడో నంబరు కూడా మార్కెట్టు నుంచి గుట్ట కింద దాకా ఏడో నంబరు దారినే వెళ్తుంది. వెనక సీట్లో కూర్చున్న సుడిగాలికి మొదట చికాకు, తరవాత ఆశ్చర్యం కలిగాయి. ముందు సీట్లో ఒకమ్మాయి చిన్న అద్దం పట్టుకుని పెదాలకి రంగేసుకుంటోంది. గీత ఇటు నుంచి అటు తిన్నగా వెళ్ళింది! అతని బస్సులో ఆ ప్రయత్నం చేసిన మనిషి చెవి దాకా రంగేసుకుని దిగుతుంది. పిన్ని స్టాపు ఇంకా దూరంగా ఉండగానే కాలు తీసేస్తోంది. బస్సు దానంతటదే బద్ధకంగా వెళ్ళి స్టాపులో ఆగుతోంది.

వీటన్నిటినీ మించిన వింత సిగ్నళ్ళు. ఒకటి పచ్చ. దాని తరవాతది పచ్చ. ఆ తరవాతదీ పచ్చే. సుడిగాలి సీట్లోంచి లేచి డ్రైవరు పక్కకి వెళ్ళాడు.

"పిన్నీ, నిజం చెప్పు. సిగ్నళ్ళవాడు నీకు చుట్టమా?"

"వాడెవడో నాకేం తెలుసు! ఈ సిగ్నళ్ళన్నిటినీ కంప్యూటరుతో ముడేశారు, నీకు తెలీదా? ఒక పద్ధతిలో వచ్చేవాడికి ఒకదాని వెనక ఒకటి పచ్చ పడతాయి. నువ్వు రోజూ వాళ్ళు తలుపు తీయకముందే పోయి బాదుతున్నావు. నేను తీసే వేళకి వెళ్తున్నాను. అంతే తేడా."

గుట్ట కింద దిగి సుడిగాలి గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందో లేదో విన్నాడు. ఆడుతోంది. పిన్ని ఎంతసేపట్లో వచ్చిందో, తను రోజూ సరిగ్గా అంతసేపట్లోనే వస్తాడు. అంటే ఇన్నేళ్ళుగా, ఇన్ని మలుపుల్లో, ఇంతమంది పళ్ళూ టోపీలూ ఎగరగొట్టి తను మిగిల్చిన సమయమంతా ఎర్రదీపాల దగ్గర నిలబడి గుర్రుమంటూ పొగ కింద వదిలేశాడన్నమాట. ఇంటికెళ్ళి మసి పట్టిన కిటికీ చెక్క తనే తుడిచాడు. భార్య అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది కూడా.

మర్నాటి నుంచి ఏడో నంబరు రూపు మారిపోయింది. మొదట్లో కుడికాలు మాట వినలేదు. దాన్ని అదుపు చెయ్యడానికి సుడిగాలి చెప్పు తీసేసి ఒట్టి కాలితో నడిపాడు. పెడలు చల్లగా తగిలినప్పుడల్లా, మెల్లగా నడపాలన్న సంగతి కాలికి గుర్తొచ్చేది. స్టాపు కనపడగానే కాలు తీసేవాడు. స్టేషనులో నిలబడగానే తాళం తిప్పేసేవాడు. సిగ్నలు పచ్చగా స్వాగతం చెప్తుంటే, "ఏం బావా, ఇన్నాళ్ళకి గుర్తుపట్టావా?" అని పలకరించేవాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అనడిగాడు దర్జీ, దిగుతూ.

"నాడి చూడనా?" అంది నర్సు. స్ట్రెచరు సంగతి ఇంకా మర్చిపోలేదావిడ.

"బాగానే ఉన్నానమ్మా. మీరు సమయానికే చేరారు, గడియారం చూసుకోండి."

ఒకటొకటిగా ఆకులు మొలిచాయి. అత్తగారు మాటలు తగ్గించేసింది. ఒకరోజు సాయంత్రం, "సాఫీ ప్రయాణం. ఒక ఆకు చిగురించింది," అందట. సుడిగాలి సిగ్గుపడి అద్దంలో ముఖం చూసుకున్నాడు. ఇంట్లో కిటికీ చెక్క తుడుస్తున్న భార్యని, "ఎలా ఉంది మసి?" అనడిగితే, "ఉంది. కాకపోతే ఇవాళ కాస్త మర్యాదగా వచ్చి పడింది," అంది.

నెలాఖరు రోజుకి చెట్టు సగానికి కాస్త పైనే ఉంది. ఆ రోజు ఆఖరి ట్రిప్పు. మార్కెట్టు సందు దాటితే అయిపోయినట్టే. సుడిగాలి అప్పటికే మనసులో క్యాంటీనులోకి నడిచి వెళ్తూ పిన్నికి ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటున్నాడు.

సందులోంచి పార్సిళ్ళ కుర్రాడొకడు స్కూటరు మీద బాణంలా దూసుకొచ్చాడు. వీపు మీద పెద్ద డబ్బా, హ్యాండిలుకి కట్టిన ఫోను, కళ్ళు ఫోనులో. బస్సుని చూడనే లేదు.

సుడిగాలి కాలు ఆకుల గురించి ఆలోచించలేదు. బస్సు కీచుమని ఆగింది. సంచులు దొర్లాయి. దర్జీ కత్తెర పెట్టె డ్రైవరు సీటు కిందికి వచ్చి ఆగింది. కుర్రాడు బస్సు ముందు జానెడు దూరంలో, ఒక కాలు నేల మీద పెట్టి, ముఖంలో నెత్తురు లేకుండా నిలబడ్డాడు.

ముందుగా మాట్లాడినవి పెట్టెలే.

"మీరు ఆలస్యంగా ఉన్నారు. దయచేసి త్వరపడండి," అంది కుర్రాడి ఫోను.

"అతి గట్టి బ్రేకు. ఒక కొమ్మ విరిగింది," అంది అత్తగారు.

కుర్రాడు, సుడిగాలి బస్సు ముందు అద్దంలోంచి ఒకరినొకరు చూసుకున్నారు.

"నీకూ ఉందా?" అన్నాడు సుడిగాలి.

"ఇదే చంపుతోంది అన్నా," అన్నాడు వాడు. హ్యాండిలు ఇంకా వదల్లేదు.

"చంపనివ్వకు. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు. ఎవడి పార్సిలో కాసేపాగితే చెడిపోదులే."

చెట్టు సగం కిందికి పోయింది. దాంతో పాటు ఏడో నంబరూ పోయింది. మేనేజరు కళ్ళద్దాలు తుడుస్తూ, "బస్సు ముందు కెమెరాలో చూశానయ్యా. నీ తప్పు లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ ఆకుల లెక్క నా చేతిలో లేదు, పైనుంచి వస్తుంది," అన్నాడు. ఎవరైనా మనిషి వేసిన లెక్కయితే సుడిగాలి వెళ్ళి కొట్లాడి వచ్చేవాడు. ఏసీ గదిలో కూర్చున్న కంప్యూటర్లతో ఏం కొట్లాడతాడు?

యార్డులో మొదటి పొద్దు చాలా చేదుగా గడిచింది. హారను కొడితే కుక్క కూడా తిరగలేదు. కానీ సుడిగాలి ఎక్కువసేపు దిగులుపడే రకం కాదు, కళ్ళు ఊరుకోవు. చూడగా చూడగా ఒక సంగతి కనపడింది.

డిపోలోని బస్సులన్నీ తెల్లవారకముందే స్టార్టయ్యి వరసగా గుర్రుమంటున్నాయి. కడుగుతున్నప్పుడూ ఆపరు, తుడుస్తున్నప్పుడూ ఆపరు, డ్రైవర్లు టీ తాగుతున్నప్పుడు అసలే ఆపరు. ఎందుకంటే అత్తగారు నిద్రలేచేది బస్సు గేటు దాటాకే. గేటు లోపల కాల్చిన డీజిలుకి ఆకులు రాలవు. యార్డు మీద పొగ ఎంత దట్టంగా ఉండేదంటే, నమ్మితే నమ్మండి, ఒక కాకి దాని మీద కాసేపు వాలి సేదదీరి మరీ వెళ్ళింది.

సుడిగాలి మొదటి బస్సెక్కి తాళం తిప్పేశాడు. తరవాత రెండోది. మూడోదాని డ్రైవరు టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, ఇంజను ఆడితేనే కదరా బ్రేకులకి గాలి నిండేది!"

"గాలి నిండడానికి నీ టీ చల్లారేంతసేపు చాలు. నువ్వు టీ తాగి, ఇంకోటి చెప్పి, మీ మామగారి మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడేంతసేపు అక్కర్లేదు."

"నువ్వెవరివి చెప్పడానికి?"

"ఈ గేటు లోపల అత్తగారిని నేనే," అన్నాడు సుడిగాలి, తాళాలు జేబులో వేసుకుంటూ. "బయలుదేరే ముందు వచ్చి అడుగు, ఇస్తాను."

వరస చివర మూడో నంబరు బస్సు ఉంది, అదీ గుర్రుమంటోంది. పిన్ని మెట్టు మీద కూర్చుని బన్ను నంజుకుంటూ టీ తాగుతోంది. సుడిగాలికి ఆ క్షణంలో కలిగిన ఆనందం అతని పెళ్ళిరోజున కూడా కలగలేదు.

"పిన్నీ," అన్నాడు, మెల్లగా, ప్రేమగా, "నీ పిట్టకి దగ్గొస్తోంది."

పిన్ని పొగ గొట్టం వైపు చూసింది. బన్ను మింగింది. లేచి, తనే వెళ్ళి తాళం తిప్పి, తెచ్చి అతని చేతిలో పెట్టింది. పిన్నే ఇచ్చేశాక మిగతావాళ్ళు ఏం మాట్లాడతారు? మొదటి వారం తిట్టారు, రెండో వారం సణిగారు, ఆ తరవాత అలవాటు పడ్డారు. పొద్దుటి పూట డిపోలో ఒకరి మాట ఒకరికి వినపడ్డం మొదలైంది. దాంతో పాత గొడవలు కొన్ని బయటపడి రెండు కొట్లాటలు కూడా అయ్యాయి, అది వేరే సంగతి.

అయినా సుడిగాలి మనసు మాత్రం గేటు బయటే ఉండేది. రోజూ ఏడో నంబరు బయటికి వెళ్తుంటే దాని వెనక దీపాలు మలుపు తిరిగేదాకా చూసేవాడు. కొత్త డ్రైవరు గేటు దగ్గర గేరు గట్టిగా లాగితే ఇతనికి తన చెయ్యి మెలిపెట్టినట్టుండేది. "మెల్లగారా నాయనా, దానికీ ప్రాణముంది," అని లోపల్లోపల గొణుక్కునేవాడు.

ఒకనాడు డీజిలు ట్యాంకరు వచ్చింది. పైపు పెట్టి సగం పోసేసరికి డిపో ట్యాంకు పొంగి పోస్తున్నవాడి బూట్లు తడిపింది. ట్యాంకరు డ్రైవరు తెల్లబోయి, "ఏంటండీ, బస్సులు నడపడం మానేశారా? ప్రతిసారీ అడుగంటిపోయి ఉండేది!" అన్నాడు. మిగిలిన డీజిలుతో అతను వెనక్కి వెళ్ళిపోయాడు. అలా వెనక్కి వెళ్ళిన ట్యాంకరు ఆ డిపో పుట్టాక అదే మొదటిదట. ఆ కబురు మేనేజరుకీ, మేనేజరు నుంచి పైవాళ్ళకీ చేరింది. పైవాళ్ళు ముందు తమ కంప్యూటరు పాడైందనుకున్నారు. తరవాత మనిషిని పంపి ట్యాంకులో కర్ర ముంచి చూసుకున్నారు.

మర్నాడు పొద్దున, సుడిగాలి తాళాల గుత్తి తిప్పుకుంటూ యార్డు మధ్యలో నిలబడి ఉండగా, మేనేజరు కారు నేరుగా లోపలికొచ్చి అతని పక్కన ఆగింది. మేనేజరు అద్దం దించాడు. లోపలి చల్లగాలి సుడిగాలి ముఖానికి తగిలింది.

"నీతో మాట్లాడాలయ్యా."

"చెప్పండి సార్."

"పైవాళ్ళు ఫోను చేశారు. పెట్టె గేటు లోపల కూడా లెక్కపెట్టేలా మారుస్తారట. మనిషి అడ్డమొస్తే వేసిన బ్రేకుకి ఆకు రాలకుండా కూడా ఏదో చేస్తున్నారట. అది ఎప్పటికవుతుందో నాకు తెలీదు గానీ, ఈలోగా నీ సంగతి నా నిర్ణయానికే వదిలేశారు. రేపటి నుంచి ఏడో నంబరు నీదే. పొద్దున ఒక గంట ముందొచ్చి ఈ తాళాల పని చూసుకుని వెళ్ళాలి, అదొక్కటే షరతు. ఏమంటావు?"

సుడిగాలి గుండె ఒక్కసారిగా గుట్టెక్కి దిగింది. ఏమనాలో నాలుక చివరే ఉంది. నెలరోజులుగా అక్కడే కూర్చుని ఉంది. కానీ ఏమన్నా అనేలోపే అతని చెయ్యి దాని పాటికి అది కారు కిటికీలోంచి లోపలికి పోయి, మేనేజరు మోకాలి పక్కన ఉన్న తాళం పట్టుకుని, తిప్పేసింది. కారు చప్పున ఊరుకుంది.

మేనేజరు నోరు తెరిచి, తన తాళం వైపు చూసి, సుడిగాలి వైపు చూసి, అలాగే ఉండిపోయాడు. కడిగే చోట నీళ్ళ గొట్టం పట్టుకున్నవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు.

సుడిగాలి ఒళ్ళు నిటారుగా చేసి, చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి సార్. ఆ ఏడో నంబరు మాట ఇంకోసారి, కాస్త అందరికీ వినపడేటట్టు."